కథ చదివి వెతుక్కుంటూ వచ్చిన మనిషికి

పోయిన ఏడాది నాకొక ఉత్తరం వచ్చింది. చేత్తో రాసిన ఉత్తరం, నాలుగు పేజీలు. పుస్తకం మీదున్న ప్రచురణకర్త అడ్రసుకి పంపితే వాళ్లు నాకు చేరవేశారు. రాసినావిడ రిటైరైన నర్సు. నా మొదటి సంపుటిలో ఆస్పత్రి రాత్రి డ్యూటీ మీద ఒక కథ ఉంది. రెండు పేజీల నిండా ఆ కథ గురించే రాశారు. సెలైన్ సీసా మార్చేటప్పుడు నర్సు లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటుందని మీకెలా తెలిసింది అని అడిగారు. మూడో పేజీలో ఇలా ఉంది:

"మీరు ఇంకేం రాశారో చూద్దామని పుస్తకం వెనక ఉన్న వెబ్‌సైట్ అడ్రసు ఫోన్‌లో కొట్టానమ్మా. ఏవో అప్పుల ప్రకటనలు వచ్చాయి. మా మనవడు మీ పేరుతో వెతికి ఇంకో సైటు తీశాడు. అందులో మీ ఫోటోలు, మీకొచ్చిన బహుమతులు ఉన్నాయి. చదవడానికి మాత్రం ఏమీ దొరకలేదు. మీరు రాయడం మానేశారా?"

ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అప్పటికి నావి రెండు కథా సంపుటాలు, ఒక నవల వచ్చి ఉన్నాయి. పుస్తకాల్లోకి ఎక్కని కథలు ఇంకో తొమ్మిది పత్రికల్లో వచ్చాయి. నా కథ చదివి, ఇంకోటి కావాలని బయల్దేరిన మనిషి నా గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని వెనక్కి వెళ్లిపోయారు. ఇలా ఇంకెంతమంది వచ్చి వెళ్లారో నాకు తెలిసే దారి లేదు.

ఆ వారమే మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వెబ్‌సైట్లు తయారుచెయ్యడమే వాడి ఉద్యోగం. రంగులు, బొమ్మలు ఎలా ఉండాలో మాట్లాడదామని నేను మొదలుపెడితే వాడు ఆపాడు. "పిన్నీ, డిజైన్ తర్వాత. నీ సైటుకి ఎవరెవరొస్తారో, ఒక్కొక్కళ్లు ఏం పని మీద వస్తారో ముందు కాగితం మీద రాసి పంపు" అన్నాడు.

రెండు రోజులు ఆలోచించి రాశాను. నా కథేదో చదివి ఇంకో కథ కోసం వచ్చే పాఠకులు. ఏదో సభలోనో ఎవరి నోటో నా పేరు విని, ఈవిడ ఏం రాస్తుందా అని చూసేవాళ్లు. రేపటి కార్యక్రమానికి నా పరిచయం, ఫోటో ఈ రాత్రికే కావలసిన నిర్వాహకులు, పత్రికలవాళ్లు. అనువాదానికో, పాఠంగా పెట్టుకోడానికో అనుమతి అడగాలనుకునేవాళ్లు. అంతే, ఇంక ఎవరూ తట్టలేదు. ఆ కాగితం పక్కన పెట్టుకుని నర్సుగారి మనవడు తీసిన నా పాత సైటు తెరిచి చూస్తే, వీళ్లలో ఒక్కరి పనీ అక్కడ అయ్యేలా లేదు. తెరవగానే అయిదు పెద్ద ఫోటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటాయి. కింద నా గురించి పెద్ద పేరా. మెనూలో 'రచనలు' నొక్కితే 'విభాగాలు', అందులో 'కథలు' నొక్కితే రెండు పీడీఎఫ్‌లు. నా కథ నాకే మూడు నొక్కుళ్ల అవతల ఉంది.

ఇప్పుడు రచయితలెవరైనా సైటు గురించి అడిగితే ముందు ఈ కాగితం సంగతే చెప్తున్నాను. మన సైటు మన విజయాలకి షోకేసు అనుకుని మొదలుపెడితే ఫోటోల దగ్గరే ఆగిపోతాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చదవడానికి వస్తారు. వాళ్ల చేతిలో ఒక కథ పెట్టాలి, అదీ ఆలస్యం చెయ్యకుండా.

కొత్త హోమ్‌పేజీలో నాలుగే ఉన్నాయి. నా పేరు, తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ. నేను ఏం రాస్తానో చెప్పే ఒక వాక్యం. కొత్త పుస్తకం ముఖచిత్రం. 'మొదటిసారి వచ్చారా, ఈ కథతో మొదలుపెట్టండి' అని ఒక కథకి లింకు. ఈ నాలుగింటిలో నన్ను బాగా కష్టపెట్టింది ఆ ఒక్క వాక్యమే. పాత సైటులో నా గురించి 'విలక్షణ శైలి', 'సామాజిక స్పృహ', 'మానవ సంబంధాల లోతులు' లాంటి మాటలు ఉండేవి. ఎవరి పేరు కింద పెట్టినా సరిపోతాయి అవి. చదివినవాళ్లకి నా కథలో ఏముంటుందో ఒక్క ముక్క తెలియదు. పదిహేను రోజులు రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, చివరికి 'రాత్రిళ్లు పనిచేసే మనుషుల కథలు రాస్తాను' దగ్గర నిలబడ్డాను. నవల దానికి పూర్తిగా ఇమడదు. అయినా పర్వాలేదనిపించింది. నర్సులు, వాచ్‌మెన్లు, లారీ డ్రైవర్లు, రైల్వే గేటు కాపలావాళ్లు, నా కథల్లో సగం పైన వాళ్లే. ఆ వాక్యం చూసి నచ్చినవాళ్లు ఉంటారు, నచ్చనివాళ్లు వెళ్లిపోతారు. ఇద్దరికీ టైము కలిసొస్తుంది.

ఏ కథతో మొదలుపెట్టమనాలి అన్నదీ తేలిగ్గా తేలలేదు. రచయితకి ఎక్కువ ఇష్టమైన కథ, పాఠకులకి తేలిగ్గా లోపలికి తీసుకెళ్లే కథ ఒకటే కానక్కర్లేదు. నాకిష్టమైనది 7,000 మాటల కథ. ఫోన్‌లో నిలబడి చదివేది కాదు. అందుకని 1,800 మాటల చిన్న కథ పెట్టాను. అది అయిపోయిన చోట 'ఇంకో కథ' అని లింకు ఉంటుంది. ప్రతి కథ చివరా అలాగే. పుస్తకంలో పేజీ తిప్పితే తర్వాతి కథ వస్తుంది కదా. సైటులో ఆ పేజీ తిప్పడాన్ని మనమే కట్టి పెట్టాలి. లేకపోతే కథ అయిపోయాక కింద తెల్లటి జాగా, ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఇక అక్షరాల సంగతి. తెలుగులో రాసేవాళ్లందరూ దీన్ని పట్టించుకోవాలని నా ఆశ.

నా మొదటి రెండు పుస్తకాలూ పాత డీటీపీ ఫాంట్లలో, అంటే అచ్చు పని కోసం చేసిన అక్షరాల్లో, టైపు అయ్యాయి. ఆ ఫైళ్లలోంచి కథ కాపీ చేసి సైటులో పెడితే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, అర్థంలేని గీతలు పడ్డాయి. మావాడు చెప్పేదాకా కారణం నాకు తెలియదు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టినవి. అచ్చులో మనకి 'క' కనిపిస్తుంది, కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది వేరే ఏదో గుర్తు. యూనికోడ్‌లో అలా కాదు. అది అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో విడివిడి స్థానాలిచ్చిన ఉమ్మడి పద్ధతి. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకి విడిగా 128 స్థానాలున్నాయి, 'క' అంటే ఎక్కడైనా 'క'నే. గూగుల్ వెతకగలిగేది, ఏ ఫోన్‌లోనైనా కనిపించేది, కాపీ చేస్తే చెడకుండా వచ్చేది యూనికోడ్ అక్షరమే.

పాత సైటు చేసినవాళ్లు ఈ తిప్పలు పడలేక పేజీల బొమ్మల్ని పీడీఎఫ్ చేసి పెట్టారు. చూడ్డానికి పుస్తకంలా ఉంది, బాగుందనుకున్నాను. కానీ బొమ్మలో ఉన్న కథని వెతికి పట్టుకోవడం కష్టం. ఫోన్‌లో చదవాలంటే వేళ్లతో పెద్దది చేసుకుని ప్రతి లైనుకీ ఎడమకీ కుడికీ జరపాలి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టిన సంగతి ఇంకోటి. చూపులేని ఒక పాఠకుడు ఫోన్‌లో తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో సాహిత్యమంతా వింటాడు. ఒకసారి మా ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలి ఫోన్‌లో మాట్లాడాడు. "మేడమ్, మీ కథలు నా ఫోన్‌కి ఖాళీ పేజీలు" అన్నాడు. ఏడేళ్లు అతనికి నా సైటు ఖాళీ కాగితంగా ఉండిపోయింది.

పాత ఫాంట్‌ని యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పని చాలా మటుకు చేసిపెడతాయి కానీ వత్తుల దగ్గర, పొల్లుల దగ్గర తడబడతాయి. అందుకని ప్రతి కథా అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాను. ఇరవై ఆరు కథలకి దాదాపు మూడు నెలలు పట్టింది. సరిచూస్తుంటే పన్నెండేళ్ల కిందటి వాక్యాల్ని తిరగరాయాలనిపించింది. రాయలేదు. పుస్తకం చదివినవాళ్లకి సైటులో వేరే కథ కనిపించడం సరికాదనిపించింది. అచ్చుతప్పులు మాత్రం దిద్దాను.

తెర మీద తెలుగు చదవడానికి హాయిగా ఉండాలంటే లైనుకీ లైనుకీ మధ్య జాగా ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ కావాలి. మనకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్‌లో తెలుగు పోస్తే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. మావాడు అక్షరం సైజు 18 పిక్సెళ్లు, లైను ఎత్తు దానికి 1.8 రెట్లు పెట్టాడు. కథ లోపలి పాఠానికి మామూలు ఫాంటు, కథల పేర్లకి మాత్రం బరువైన ఫాంటు తీసుకున్నాం. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, నోటో లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పదిహేను చూసి చివరికి కథలకి నోటో సెరిఫ్ తెలుగు ఉంచాం. పాత సైటులో తెలుపు మీద లేత బూడిదరంగు అక్షరాలుండేవి. వెబ్ పేజీలు అందరికీ చదవడానికి అందుబాటులో ఉండాలని పెట్టుకున్న అంతర్జాతీయ మార్గదర్శకాల్లో అక్షరానికీ వెనక రంగుకీ కనీసం 4.5కి 1 తేడా ఉండాలని ఉంది. పాతది దాంట్లో తప్పింది. ఇప్పుడు నలుపు అక్షరం, కొద్దిగా పసుపు తిరిగిన తెలుపు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు మసక వెలుతురులో చదవగలగాలి, నేను పెట్టుకున్న కొలత అది.

సైటు తయారవుతున్నంత కాలం దాన్ని కంప్యూటర్‌లో చూడ్డం మానేశాను. ప్రపంచం మొత్తం మీద సగానికి పైగా చూపులు ఫోన్లలోంచే. గూగుల్ కూడా ఇప్పుడు సైటు ఫోన్ రూపాన్నే చూసి లెక్కలోకి తీసుకుంటుంది. నా దగ్గరున్న పాత ఫోన్‌లో, సిగ్నల్ సరిగ్గా లేని గదిలో కూర్చుని తెరిచి చూసేదాన్ని. మొదటిసారి నా ఫోటో ఒక్కటే రావడానికి పదకొండు సెకన్లు పట్టింది. కెమెరాలోంచి దించినది దించినట్టు 6 ఎంబీ ఫోటో పెట్టేశాం. వెడల్పు తగ్గించి, వెబ్‌కి పనికొచ్చే రూపంలోకి మారిస్తే 120 కేబీ అయింది, కంటికి తేడా తెలియలేదు. పేజీలో ముఖ్యమైనది రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెప్పే కొలత. కథ పేజీల్లో బొమ్మలే లేవు కాబట్టి అవి అంతకన్నా ముందే వస్తున్నాయి.

ఇక డొమైన్, అంటే సైటు అడ్రసుగా మనం కొనుక్కునే పేరు. ఇది చెప్పడానికి మనసు బరువెక్కుతుంది, అయినా వివరంగా చెప్తాను. నాకు జరిగింది ఇంకొకళ్లకి జరగకూడదు.

ఈ పాత సైటుకన్నా ముందు నాకు ఇంకో సైటు ఉండేది, నర్సుగారికి అప్పుల ప్రకటనలు కనిపించిన అడ్రసు దానిదే. ఆ మొదటి సైటు చేసినతను డొమైన్‌ని తన అకౌంట్లో, తన ఈమెయిల్‌తో తీసుకున్నాడు. నాకు అప్పుడు తేడా తెలియదు, అడగలేదు. నాలుగేళ్ల తర్వాత అతను వేరే పనిలోకి మారిపోయాడు. ఏడాదికోసారి రెన్యూ చెయ్యమని వచ్చే మెయిళ్లు అతని పాత ఈమెయిల్‌కే వెళ్లాయి, ఎవరూ చూడలేదు. డాట్ కామ్ లాంటి డొమైన్ గడువు దాటితే వెంటనే పోదు. మొదట కంపెనీ ఇచ్చే కొద్దిపాటి వెసులుబాటు, తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకునే గడువు, ఆ పైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేని స్థితి, అప్పుడు బజార్లో పడుతుంది. ఆ రోజులన్నీ నాకు తెలియకుండా గడిచిపోయాయి. సైటు తెరుచుకోవడం లేదని నాకు తెలిసేసరికి ఆ పేరు వేరేవాళ్లు కొనేసి ప్రకటనలు పెట్టేశారు. మొదటి పుస్తకం వెనక అట్ట మీద, రెండో పుస్తకం లోపలి పేజీలో అచ్చయి ఉన్న అడ్రసు అది.

సైటులో ఉన్న సంప్రదింపు ఫారం కూడా అతని మెయిల్‌కే వెళ్లేదని అప్పుడే తెలిసింది. నాలుగేళ్లలో నాకు ఎవరెవరు ఏం రాశారో ఇప్పటికీ తెలియదు. డొమైన్ పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ నొప్పి.

కాబట్టి సైటు ఎవరితో చేయించుకున్నా డొమైన్ మాత్రం మీ పేరుతో, మీ అకౌంట్లో, మీ ఈమెయిల్‌తో తీసుకోండి. ఆ ఈమెయిల్ ఆఫీసుది కాకూడదు, ఉద్యోగం మారితే పోతుంది. ఆటో రెన్యూ పెట్టుకోండి, కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తుపెట్టుకోండి. కుదిరితే ఒకేసారి ఎక్కువ ఏళ్లకి తీసుకోండి, డాట్ కామ్‌కి గరిష్ఠంగా పదేళ్లకి తీసుకోవచ్చు. నేను పదేళ్లకి తీసుకున్నాను. తారీఖు డైరీ మొదటి పేజీలో రాసి, మా అమ్మాయికీ చెప్పి ఉంచాను.

పేరు దగ్గర ఇంకో చిక్కు. పాత డొమైన్ మొదటి పుస్తకం పేరుతో ఉండేది. రెండో పుస్తకం రాగానే అది ఇరుకైపోయింది. పుస్తకాలు మారతాయి, రాసే మనిషి పేరు ఉంటుంది కాబట్టి ఈసారి నా పేరే పెట్టాను. అయితే తెలుగు పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కళ్లు ఒక్కోలా రాస్తారు. లక్ష్మిని కొందరు కే ఎస్ హెచ్‌తో రాస్తారు, కొందరు ఎక్స్‌తో. దీర్ఘానికి ఒకరు రెండు ఏ లు పెడతారు, ఒకరు ఒకటే. నా పేరుని స్నేహితులు పదిమందిని టైపు చేసి పంపమంటే మూడు రకాలుగా వచ్చింది. ఎక్కువమంది రాసిన రెండు రూపాలూ తీసుకున్నాను. ఒకటి కొడితే రెండోదానికి తీసుకెళ్తుంది. పుస్తకాల మీద, ఉత్తరాల కింద, అన్ని చోట్లా ఒకే రూపం వాడుతున్నాను.

అమ్ముడుపోని పాత ప్రతులు ప్రచురణకర్త దగ్గర 340 ఉన్నాయి. కొత్త అడ్రసుతో చిన్న కాగితాలు అచ్చువేయించి, రెండు ఆదివారాలు వాళ్ల గోడౌన్‌లో కూర్చుని ఒక్కొక్క పుస్తకానికీ అంటించాను. ఇళ్లకి చేరిపోయిన పుస్తకాలకి చెయ్యగలిగింది లేదు.

ఆ మొదటి సైటుతోపాటు ఇంకోటి పోయింది. 'వార్తలు' అనే విభాగంలో అప్పుడప్పుడూ చిన్న వ్యాసాలు నేరుగా అందులోనే టైపు చేసేదాన్ని. మొత్తం పదకొండు, నా దగ్గర కాపీ లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి వెబ్ పేజీల నకళ్లు దాస్తోంది. 2001 నుంచి వాటిని వేబ్యాక్ మెషీన్ అనే చోట ఎవరైనా చూడొచ్చు. మావాడు అందులో నా పాత అడ్రసు కొట్టి చూశాడు. ఏడు వ్యాసాలు దొరికాయి! మా అమ్మ చివరి రోజుల గురించి రాసింది వాటిలో ఉంది. నాలుగు దొరకలేదు. ఇప్పుడు ఏది రాసినా ముందు నా కంప్యూటర్‌లో రాసి, ఇంకో డ్రైవులో దాచి, ఆ తర్వాతే సైటులో పెడుతున్నాను. నెలకోసారి సైటు మొత్తం బ్యాకప్ దించుకుంటాను.

ఒకసారి పెట్టిన పేజీ అడ్రసు మార్చకూడదన్న సంగతీ ఇందులోంచే నేర్చుకున్నాను. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే దీని గురించి విడిగా ఒక వ్యాసం రాశాడు. ఎవరో తమ వ్యాసంలో నా కథకి లింకు ఇస్తారు. నేను సైటు సర్దుకుంటూ అడ్రసు మారిస్తే వాళ్ల పాఠకుడు వచ్చి 'ఈ పేజీ లేదు' అన్న మాట చూస్తాడు. మార్చక తప్పనప్పుడు పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి మళ్లించాలి, దానికి పద్ధతి ఉంది. డొమైనే మన చేతిలో లేకపోతే ఆ పనీ చెయ్యలేం.

మిగతా సాంకేతిక విషయాలు త్వరగా చెప్పేస్తాను. సైటు వర్డ్‌ప్రెస్ మీద ఉంది. 2003 నుంచి ఉన్న, సైట్లు తయారుచేసి నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్, ప్రపంచంలో 40 శాతానికి పైగా సైట్లు దాని మీదే నడుస్తాయి. రేపు మావాడికి కుదరకపోయినా సాయం చేసేవాళ్లు దొరుకుతారు, కొత్త కథ నాకు నేనే పెట్టుకోగలను. నాకు కావలసింది అదే. అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండేలా చూసుకోండి, సైటుకీ చదివేవాళ్లకీ మధ్య రాకపోకల్ని ఇంకెవరూ చూడకుండా కాపాడే పద్ధతి అది. 2018 నుంచి గూగుల్ బ్రౌజర్ క్రోమ్ అది లేని సైటుని సురక్షితం కాదని చూపిస్తోంది. దానికి కావలసిన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. లింకు వాట్సాప్‌లో పంపితే పక్కన కనిపించే బొమ్మ ఏది రావాలో మనమే పెట్టొచ్చు. 1200కి 630 పిక్సెళ్ల బొమ్మ చేసి, కథ పేరు పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాం.

ప్రతి పుస్తకానికీ విడి పేజీ ఉంది. ముఖచిత్రం, నాలుగు వాక్యాలు, ఏ సంవత్సరం వచ్చింది, ఎన్ని పేజీలు, పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే 13 అంకెల ఐఎస్‌బీఎన్, ఎక్కడ దొరుకుతుంది. రెండో సంపుటి ఇప్పుడు అచ్చులో లేదు. ఆ సంగతి అలాగే రాశాను, గ్రంథాలయాల్లో అడిగి చూడమని రాశాను. కొనే లింకు నొక్కి ఖాళీ పేజీ చూడ్డంకన్నా అది నయం. నవల మొదటి అధ్యాయం మొత్తం పెట్టాలనుకున్నప్పుడు ప్రచురణకర్తతో ఉన్న ఒప్పందం తీసి చదివాను. కొంత భాగం సైటులో పెట్టుకోవచ్చని ఉంది కానీ ఎంతో స్పష్టంగా లేదు. ఈమెయిల్ రాసి అడిగితే వాళ్లు వెంటనే సరే అన్నారు. ఆ మెయిల్ దాచిపెట్టుకున్నాను. ఫోటోలదీ ఇదే కథ. మన ముఖమే అయినా హక్కు సాధారణంగా తీసినవాళ్లది. తీసినతన్ని అడిగి, అతని పేరు కింద వేశాను.

నిర్వాహకుల కోసం ఒక పేజీ చేశాను. పరిచయం మూడు సైజుల్లో ఉంది, 50 మాటలు, 100 మాటలు, 250 మాటలు. మూడూ 'ఆమె' అని రాసినవే, వాళ్లు అలాగే తీసుకుని చదివేసుకోవచ్చు. అచ్చుకి సరిపోయే పెద్ద ఫోటో, పుస్తకాల ముఖచిత్రాలు కూడా అక్కడే దించుకోవచ్చు. ఒక సభలో నన్ను కవయిత్రిగా పరిచయం చేశారు. నేను ఒక్క కవితా రాయలేదు. పరిచయం చేసినాయన తప్పేమీ లేదు, ఆయనకి దొరికిన సమాచారం అది. ఈ పేజీ పెట్టాక అలాంటిది మళ్లీ జరగలేదు.

సైటులో ఉత్తరాల కోసం చిన్న పెట్టె ఉంది, ఈమెయిల్ ఇస్తే రెండు నెలలకోసారి ఒక ఉత్తరం పంపుతాను. ఇప్పటికి 212 మంది ఉన్నారు. చిన్న సంఖ్యే కానీ, వాళ్లంతా కావాలని పేరిచ్చినవాళ్లు. పేరిచ్చాక నిజంగా కావాలా అని ఇంకో మెయిల్ వెళ్తుంది, అందులో నొక్కితేనే చేరినట్టు. ప్రతి ఉత్తరం కింద మానుకునే లింకు ఉంటుంది. నా ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ ఎక్కించేద్దామని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. అడగకుండా ఎవరి ఇంట్లోకీ ఉత్తరం తొయ్యకూడదని నా నమ్మకం. సోషల్ మీడియా నాకూ ఉంది, అక్కడ చెప్పింది మూడో రోజుకి అడుగుకి వెళ్లిపోతుంది. ఒకప్పుడు లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది. ఇంకొకళ్ల స్థలంలో కట్టుకున్నది ఎన్నాళ్లుంటుందో వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే అక్కడ పెట్టే ప్రతి మాటా సైటులోని కథకి లింకుతో పెడుతున్నాను.

గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒకటుంది, ఏ మాటలు వెతికినవాళ్లకి మన సైటు కనిపించిందో చూపిస్తుంది. మొదటి నెల నా పేరే ఎక్కువ ఉంటుందనుకున్నాను. పేరుకన్నా 'రాత్రి డ్యూటీ నర్సు కథ' అని వెతికినవాళ్లు ఎక్కువ. రచయిత పేరు గుర్తులేకపోయినా కథలో మనిషి గుర్తుండిపోతుంది. అప్పటినుంచి ప్రతి కథ పేజీ మొదట్లో కథ దేని గురించో ఒక వాక్యం రాస్తున్నాను. సెర్చ్ కోసం అంతకన్నా ఏమీ చెయ్యలేదు, చెయ్యాలనీ అనిపించలేదు.

సైటు తెరిచిన రోజు ఆ రిటైరైన నర్సుగారికి ఉత్తరం రాశాను. నేను రాయడం మానలేదని, ఆలస్యమైనందుకు క్షమించమని, కొత్త అడ్రసు పెద్ద అక్షరాల్లో. నెల తర్వాత సంప్రదింపు ఫారంలోంచి మెయిల్ వచ్చింది. నా ఈమెయిల్‌కే వచ్చింది. మనవడు టైపు చేశాడట, చెప్పింది ఆవిడ.

"ఆరు కథలు అయ్యాయమ్మా, ఏడోది నడుస్తోంది. రోజుకొకటే చదువుకుంటున్నాను. ఏడో కథ రెండో పేరాలో 'వార్డు' అనుండాల్సిన చోట 'వారుడ్' అని పడింది, చూసుకోండి."

ఫాంటు మార్చినప్పుడు జారిపోయిన వత్తు. మూడు నెలలు అక్షరం అక్షరం చూశాననుకున్నా నా కంట పడలేదు. ఫోన్‌లోనే సైటు తెరిచి దిద్ది, దిద్దానని ఆవిడకి జవాబు రాశాను.